నూరో మడతలో ఆకు

రత్తయ్య చొక్కా జేబుకి ముప్పై ఏళ్ళ పాటు కరివేపాకు వాసన ఉండేది. ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. బస్సులో పక్కన కూచున్నవాళ్ళు ఒకటికి రెండుసార్లు తిరిగి చూసేవాళ్ళు, ఈయనెవరో వంటాయనేమో అని. ఆయన వంటవాడు కాదు. విజయవాడ గవర్నరుపేట వెనక సందులో గోపాలకృష్ణగారి బైండింగు షాపులో పుస్తకాలు కుట్టేవాడు.

ఆ షాపులో పని ఒక వరసలో సాగుతుంది. ప్రెస్సు నుంచి అచ్చయిన పెద్ద కాయితాలు వస్తాయి. ఒక్కో కాయితం మీద పదహారు పేజీలుంటాయి. దాన్ని ఫారం అంటారు. ఆడవాళ్ళు చాపల మీద కూచుని ఒక్కో ఫారాన్నీ మూడు మడతలు వేసి, వెదురు బద్దతో గీకి, నూరేసి చొప్పున కట్టలు పెడతారు. ఆ కట్టలు మగవాళ్ళ దగ్గరికి వస్తాయి. వాళ్ళు ఫారాలు వరసన పేర్చి, దారంతో కుట్టి, అట్ట అతికించి, అంచులు కోయిస్తే పుస్తకం అవుతుంది. మడిచేవాళ్ళు నూరయినట్టు గుర్తుకి ఒక కాయితం ముక్క పెడతారు. రత్తయ్య భార్య మాత్రం కరివేపాకు పెట్టేది.

"కాయితంలో కాయితం పెడితే ఏం కనపడుద్ది? ఫ్యాను గాలికి లేచిపోద్ది. పచ్చటిదైతే కంటికి తగులుద్ది," అనేది ఆవిడ.

ఇంటి ముందు సిమెంటు తొట్టిలో ఆవిడ పెంచిన చెట్టు ఉండేది. పొద్దున షాపుకి వచ్చేటప్పుడు రెండు రెబ్బలు కొంగున ముడేసుకుని వచ్చేది. నూరో ఫారం మడతలో ఒక ఆకు. కట్ట రత్తయ్య ముందుకి రాగానే, సూది ఎక్కించే ముందు, ఆయన ఆకు తీసి జేబులో వేసుకునేవాడు. ఇంటికెళ్ళాక ఆవిడ చారు పొయ్యి మీద పెట్టి చెయ్యి చాపేది.

"జేబు ఇట్టా తిరగెయ్యండి."

ఆయన తిరగేసేవాడు. ఆకులు పోపులో పడేవి. పగలంతా ఆవిడ చేతిలోంచి ఆయన చేతిలోకి వచ్చినవి, సాయంత్రానికి మళ్ళీ ఆవిడ చేతిలోకి వెళ్ళేవి.

మాటలంటారా, అవి తక్కువ. రత్తయ్య చేత మాట్లాడించడం కంటే ఎండాకాలం కాలవలో నీళ్ళు పారించడం తేలిక అని షాపులో అనుకునేవాళ్ళు. "నోట్లో ముత్యాలున్నాయా ఏం, తెరిస్తే రాలిపోతాయని?" అని ఆవిడే దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ముప్పయ్యారేళ్ళ కాపరంలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలవలేదు. "ఇదుగో" అంటే పలికేది. వాళ్ళ ఈడువాళ్ళలో పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవకపోవడం వింతేం కాదు. పేరు పిలవకపోయినా మిగతావాళ్ళు వేరే మాటలేవో మాట్లాడతారు. రత్తయ్యకి అవీ వచ్చేవి కావు. ఒక్కోసారి ఆకు తీస్తూ తలెత్తి చాపల వైపు చూసేవాడు. ఆవిడ అప్పటికే చూస్తూ ఉండేది.

ఆ ఆకులు ముప్పై ఏళ్ళలో ఒక్కటి కూడా పుస్తకంలో కలిసిపోలేదు. ఒక్కసారి తప్ప.

అది పోయినేడాది మే నెల. పుస్తకం పేరు 'మాటామంచీ'. గన్నవరం దాటి లోపలికి వెళ్ళే ఒక ఊళ్ళో ఛాయాదేవిగారని టీచరు ఉన్నారు. నాలుగో తరగతి పిల్లల కోసం ఆవిడ రాసిన పుస్తకం. కోపం వస్తే ఏం చెయ్యాలి, భయం వేస్తే ఎవరికి చెప్పాలి, రోడ్డు ఎట్లా దాటాలి, మన ఊరి కాలవ ఎక్కణ్ణుంచి వస్తుంది, పంచాయతీలో ఎవరెవరు ఉంటారు, ఇట్లాంటివన్నీ బొమ్మలతో ఉంటాయి. పాఠం చివర పిల్లలు రాసుకోడానికి ఖాళీ గీతలు. చుట్టుపక్కల కొన్ని బళ్ళు కలిసి వేయించుకుంటున్నాయి. మూడు వేల కాపీలు. జూనులో బడి తెరిచేలోపు అందాలి.

"పిన్ను కొడితే రెండు గంటల్లో అయిపోద్ది. కానీ పిల్లల వేళ్ళకి గుచ్చుకుంటది. దారం కుట్టే వెయ్యండి," అన్నాడు గోపాలకృష్ణ. ఆయన పిసినారి అనుకునేవాళ్ళు కూడా ఈ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకునేవాళ్ళు.

ఆఖరి కట్ట మడుస్తుండగా రత్తయ్య భార్య చేతిలో వెదురు బద్ద జారింది. ఆవిడ పక్కకి ఒరిగింది. ఎండ దెబ్బకి కునుకు పట్టిందేమోనని పక్కనున్న పద్మావతమ్మ కాసేపు లేపలేదు.

నాలుగు రోజులు పెద్దాసుపత్రిలో రత్తయ్య ఆవిడ మంచం పక్కన స్టూలు మీద కూచున్నాడు. ఆవిడ రెండుసార్లు కళ్ళు తెరిచి ఆయన వైపు చూసింది. ఏదో ఒకటి అనాలని ఆయనకి ఉంది. ఏమనాలో తెలియలేదు. అరచెయ్యి ఆవిడ నుదుటి మీద పెట్టి తీశాడు. ఐదో రోజుకి ఇక అనాల్సిన పని లేకపోయింది.

సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగింది. భవానీపురంలో ఆయన ఉండే వీధిలోకి నడుంలోతు నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక చూస్తే, పెట్టెలో ఆవిడ చీరలు బురద ముద్దలై ఉన్నాయి. పెళ్ళి ఫోటో అద్దానికి అతుక్కుపోయి, ఊడదీయబోతే రంగు నీళ్ళై కారిపోయింది. తొట్టిలో చెట్టు వేరు కుళ్ళి పడిపోయింది. మిగిలింది ఆధార్ కార్డు. దాని మీదున్న బొమ్మ ఆవిడదేనని ఎవరన్నా ప్రమాణం చేసి చెప్తే తప్ప నమ్మలేం.

అప్పట్నుంచీ రత్తయ్య చారులో కరివేపాకు వెయ్యలేదు. వీధి మొగలో శౌరమ్మ కూరల బండి ఉంటుంది. వంకాయలు కొన్నా, దొండకాయలు కొన్నా కొసరుగా ఒక రెబ్బ సంచిలో పడేస్తుంది. రత్తయ్య దాన్ని తీసి మళ్ళీ బండి మీద పెట్టేవాడు.

"అదేంటన్నయ్యా, ఊరికే వేస్తున్నా గదా?"

ఆయన సంచి పట్టుకుని నడిచేవాడు. మూడు నాలుగుసార్లయ్యాక శౌరమ్మ వెయ్యడం మానేసింది.

*

ఈ ఏడు ఏప్రిల్ మొదట్లో ఛాయాదేవి షాపుకొచ్చింది. 'మాటామంచీ' మళ్ళీ వెయ్యాలి. అక్కడక్కడా దిద్దుబాట్లు ఉన్నాయి. గోపాలకృష్ణ బల్ల ముందు కూచుని పాత కాపీ తిప్పుతూ ఒక్కొక్కటీ చెప్తోంది. రత్తయ్య గోడవారన కూచుని ఇంకేదో పుస్తకం కుడుతున్నాడు.

"ఇంకో మాటండీ గోపాలకృష్ణగారూ. కంప్లైంటు అనుకోవద్దు. పోయిన సంవత్సరం మా క్లాసులో ఒకమ్మాయి పుస్తకంలో కరివేపాకు వచ్చింది."

"కరివేపాకా?"

"అవునండీ. పేజీల మధ్యలో, చక్కగా నొక్కుకుపోయి. ఆ అమ్మాయికి అదొక లాటరీ తగిలినట్టయింది. మూడో తరగతి పిల్లలు ఇప్పట్నుంచే కొట్టుకుంటున్నారు, వచ్చే ఏడు ఆకు ఎవరికొస్తుందని."

గోపాలకృష్ణ నవ్వాడు. "కూరలో వస్తే తీసి పారేస్తారు, పుస్తకంలో వస్తే దాచుకుంటారన్నమాట."

రత్తయ్య సూది ఆగింది.

ఛాయాదేవి లేచింది. సంచి భుజాన వేసుకుంది. "ఇరవై మూడుతో బళ్ళు మూసేస్తాం. ఇవి రాసేసిన పుస్తకాలు కదా, కింది తరగతికి పనికిరావు. ఆఖరి రోజు పాత కాయితాలతను వచ్చి పట్టుకుపోతాడు. ఆలోపు ప్రూఫు పంపించండి."

ఆవిడ రత్తయ్య ముందు నించే నడిచి మెట్లు దిగింది. ఆయన లేచాడు కూడా. నోరు తెరిచాడు. ఏ మాటతో మొదలుపెట్టాలా అని చూసుకునేసరికి ఆవిడ ఎక్కిన ఆటో సందు మలుపు తిరిగింది.

ఆయన ఇశ్రాయేలు దగ్గరికి వెళ్ళాడు. ఇశ్రాయేలు షాపులో రెండో కుట్టుపనివాడు, రత్తయ్య కంటే పదేళ్ళు చిన్న. ఆసుపత్రిలో రత్తయ్య ఉన్న ఆ నాలుగు రోజులూ ఆయన పని ఇతనే చేశాడు.

"ఆ పిల్లల పుస్తకం... ఆకులు తియ్యలేదా?"

ఇశ్రాయేలు దారం పళ్ళతో తెంపి, ఆయన మొహంలోకి చూశాడు. ఏడాదిలో రత్తయ్య తనంతట తను అడిగిన మొదటి ప్రశ్న అది.

"తియ్యలేదు బాబాయ్. చూశా. తీసి ఎక్కడ పెట్టాలో తెలీలా. చెత్తలో వెయ్యబుద్ధి కాలా. పిన్ని అక్కడ ఆసుపత్రిలో ఉంటే ఇక్కడ నేను ఆవిడ ఆకులు ఊడ్చి పారేస్తానా? అందుకని అట్టాగే కుట్టేశా. సగం కోతలో రాలిపోయుంటాయి. కొన్ని ఉండిపోయుంటాయి." సూది కింద పెట్టి, "తిట్టాలంటే తిట్టు," అన్నాడు.

రత్తయ్య అతని భుజం మీద చెయ్యి వేసి తీశాడు.

గోడౌనులో వెతికాడు. ఆ పుస్తకం ఒక్కటీ మిగల్లేదు. ఆఫీసు కాపీ ఒకటుంది. పేజీ పేజీ తిప్పాడు. ఆకు లేదు. వెన్ను దగ్గర మడత మీద బొటనవేలు పెట్టి రాశాడు. ఆవిడ కుడి బొటనవేలు కొంచెం వంకర. ఎప్పుడో కోత మిషను పిడి తగిలి అట్లా అయింది. అందుకని ఆవిడ మడతకి పైకొసన సన్నగా రెండో గీత పడేది, నీడలాగా. "సరిగ్గా గియ్యరాదూ" అని పదేళ్ళ కిందట ఒకసారి గొణిగాడు కూడా. ఇప్పుడా గీత వేలికి తగిలింది. తగిలిన కొద్దీ ఆకు కావాలనిపించింది. ఎందుకంటే మడత ఆవిడ లోకానికి చేసి పెట్టింది. ఆకు ఆయనకి ఇచ్చింది. ఆ ముప్పై ఏళ్ళ ఆకుల్లో ఆయన జేబుకి చేరకుండా పోయినవి అవే.

ఒక్క ఆకు చాలు అనుకున్నాడు.

కావాలనుకోవడం ఒకటి, వెళ్ళి అడగడం ఇంకొకటి. రత్తయ్య జీవితంలో ఎవర్నీ ఏదీ అడిగి ఎరగడు. బస్సులో దిగాల్సిన చోటు కూడా అడగడు. చదివింది మూడో తరగతి వరకు. ఆఫీసు కాపీని మధ్యాహ్నం అన్నాలప్పుడు ముందేసుకుని కూచునేవాడు. ఎన్నో వేల పుస్తకాలు కుట్టినవాడు, ఒక పుస్తకాన్ని చదవడానికి తెరవడం అదే మొదలు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పోతే ఎనిమిదో పాఠం దొరికింది. 'అడగడం ఎలా?' అని. పక్కన రెండు జడల పాప చెయ్యెత్తిన బొమ్మ.

ఒకటి: నీ పేరు చెప్పు. రెండు: నీకేం కావాలో చెప్పు. మూడు: ఎందుకు కావాలో చెప్పు. నాలుగు: ఎదుటివాళ్ళు కాదంటే కోపం తెచ్చుకోకు.

ఆ నాలుగు వాక్యాలకి ఆయనకి మూడు మధ్యాహ్నాలు పట్టింది. చదవడానికి ఒకటి చాలు. మిగతా రెండూ మూడో వాక్యం దగ్గరే పోయాయి.

*

ఇరవై రెండో తారీఖున గోపాలకృష్ణ దగ్గర నించున్నాడు.

"రేపు రాను బాబుగారూ."

"ఏం, ఒంట్లో బాగోలేదా?"

"గన్నవరం."

గోపాలకృష్ణ ఇంకా ఏమన్నా చెప్తాడేమోనని చూశాడు.  "సరే వెళ్ళిరా," అన్నాడు.

గన్నవరం దాకా బస్సు, అక్కణ్ణుంచి షేరాటో. కాలవ గట్టు మీద దిగేసరికి పది దాటింది. బడి పెంకుటి వరండా, నాలుగు గదులు. వరండాలో ఒక మూల పుస్తకాల గుట్ట అప్పుడే పడి ఉంది, పైన తాళ్ళు. రత్తయ్య దాని దగ్గర ఆగాడు. ఆ గుట్టలో చాలా వాటికి వెన్ను మీద తన షాపు దారమే ఉంది.

ఛాయాదేవి ఆయన్ని గుర్తుపట్టింది. "మీరు బైండింగు షాపులో... రండి రండి. గోపాలకృష్ణగారు ప్రూఫు పంపారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. చేతిసంచి రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆకొచ్చిన అమ్మాయి," అన్నాడు.

"సాయిశ్రీనా? ఉంది లోపల. ఏమండీ, ఏమన్నా ఇబ్బందయిందా?"

"అడగాలి."

ఏం అడగాలో ఆవిడకి అర్థం కాలేదు. అయినా తీసుకెళ్ళింది. ఆఖరి రోజు కాబట్టి తరగతిలో పాఠం లేదు. పిల్లలు గుంపులుగా కూచుని గోల చేస్తున్నారు. కిటికీ పక్కన ఒక పిల్ల, జడలకి ఎర్ర రిబ్బన్లు, సంచి ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

"సాయిశ్రీ, ఈ తాతగారు విజయవాడ నుంచి నీ కోసం వచ్చారు. మన పుస్తకాలు కుట్టేది ఈయనే."

పిల్ల లేచి నించుంది. చుట్టూ ముప్పై తలలు తిరిగాయి. రత్తయ్యకి నోట మాట రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. వెనక బెంచీలో సాత్విక్ అనే కుర్రాడు, "టీచర్, తాతగారికి ఎనిమిదో పాఠం రాదు," అన్నాడు. పిల్లలు నవ్వారు.

"సాత్విక్," అంది ఛాయాదేవి.

సాయిశ్రీ మాత్రం నవ్వలేదు. చిన్నపిల్లలకి నడక నేర్పేవాళ్ళలాగా, "ముందు పేరు చెప్పాలి తాతగారూ," అంది.

"రత్తయ్య."

"ఇప్పుడు ఏం కావాలో చెప్పండి."

"ఆకు. నీ పుస్తకంలో ఆకు."

పిల్ల చేతులు సంచిని గట్టిగా పట్టుకున్నాయి. కానీ పాఠం మధ్యలో ఆపలేదు. "ఎందుకు కావాలి?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. కాలవలో నీళ్ళు అడుగంటి ఉన్నాయి. గట్టు మీద ఎవరో గేదెని తోలుకెళ్తున్నారు.

"ఆ పుస్తకం మడిచింది మా ఇంటావిడ," అన్నాడు. "నూరు మడిచాక ఒక ఆకు పెట్టుద్ది. లెక్కకి. నేను తీసి జేబులో వేసుకుంటా. ముప్పై ఏళ్ళు తీశా. నీ పుస్తకంలోది తియ్యలేదు. ఆసుపత్రిలో ఉన్నా, ఆవిడ దగ్గర. ఆవిడ పోయింది. ఇల్లు బుడమేరులో మునిగింది. చీర గూడా లేదు. ఆవిడ నాకిచ్చిందల్లా..."

వాక్యం పూర్తి కాలేదు. అంత పొడుగు మాట ఆయన నోటినించి వచ్చి ఎన్నేళ్ళయిందో.   

సాయిశ్రీ సంచిలోంచి పుస్తకం తీసింది. పాత చీర జరీ అంచు ముక్కతో అట్ట వేసుకుంది దానికి. కాలవల పాఠం తెరిచింది. కృష్ణ మీద బ్యారేజీ, అక్కణ్ణుంచి చెట్టుకొమ్మల్లా విడిపోయే కాలవలు, ఆ పటం మీద బ్యారేజీకి కాస్త కింద ఆకు పడుకుని ఉంది. పచ్చదనం పోయింది. గోధుమరంగులో, ఈనెలు మాత్రం సన్నగా కనపడుతూ.

"ముట్టుకోకండి, పొడైపోద్ది. చూడండి."

ఆయన వంగి చూశాడు. ఇంకా వంగి వాసన చూశాడు. కాయితం వాసన, జిగురు వాసన.

"మొదట్లో పులిహోర వాసనొచ్చేది," అంది పిల్ల నొచ్చుకుంటూ. "నేను రోజూ వాసన చూసి చూసి అయిపోయింది."

తర్వాత నిటారుగా నించుని, పాఠం అప్పజెప్పినట్టు, కానీ కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా చెప్పింది:

"మీరు అడిగినందుకు థాంక్స్ తాతగారూ. మీకెందుకు కావాలో నాకర్థమైంది. కానీ నేను ఇవ్వలేను. నాకెప్పుడూ అక్క పుస్తకాలే ఇస్తారు. అక్క సంచి, అక్క గౌను. ఇదొక్కటే నాకు కొత్తగా కొన్నారు. ఇందులో ఆకు నాకే వచ్చింది. మొత్తం క్లాసులో నాకే."

"సాయిశ్రీ," ఛాయాదేవి ముందుకి వచ్చింది. ఆవిడ మొహం ఎర్రబడింది. "అట్లా అనకూడదమ్మా. పెద్దాయన అంత దూరం నుంచి వచ్చారు. ఇచ్చెయ్యి."

"మీరే చెప్పారు కదా టీచర్, తొమ్మిదో పాఠంలో. ఇష్టం లేకపోతే మర్యాదగా కాదనొచ్చని."

 ఆ పాఠం రాసింది ఛాయాదేవే. రాసేటప్పుడు ఇట్లాంటి రోజు వస్తుందని అనుకోలేదు.

రత్తయ్య చెయ్యెత్తి ఆవిణ్ణి ఆపాడు. "వద్దమ్మా," అన్నాడు. "పిల్లది."

నాలుగో వాక్యం గుర్తుంది ఆయనకి. అది పాటించడం కష్టం కాలేదు. కోపం రాలేదు.   ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని తిరగబోయాడు.

"తాతగారూ, ఒక్క నిమిషం." సాయిశ్రీ గబగబా వెనకపేజీలు తిప్పుతోంది. "నాకు ఇక్కడ ఒకటి నిండలేదు. టీచరు దీనికి స్టారు ఇవ్వలేదు."

ఆఖరి పాఠం. పేరు 'ఒక వస్తువు, పది చేతులు'. రైతు, నేతపనివాడు, కుమ్మరి బొమ్మలు. కింద ఖాళీ గీతలు. ఈ పుస్తకం నీ చేతికి రావడానికి ఎవరెవరు పనిచేశారు? తెలుసుకుని పేర్లు రాయి. పిల్ల మొదటి గీత మీద 'ఛాయాదేవి టీచర్' అని రాసింది. మిగతా నాలుగూ ఖాళీ.

పెన్సిలు తీసింది. "కుట్టింది మీరేగా? రత్తయ్య."

"నేను కాదు. ఇది ఇశ్రాయేలు కుట్టాడు."

"ఇ-శ్రా-యే-లు." రాసింది. "అంచులు కోసింది?"

చెప్పాడు. రాసింది.

"మడిచింది?"

"చెప్పా గదమ్మా. మా ఇంటావిడ."

"ఇంటావిడ అంటే పేరు కాదుగా తాతగారూ. పేరు రాయమన్నారు."

ఆయన నోరు తెరిచాడు. ముప్పయ్యారేళ్ళు నాలుక మీదే ఉండి నాలుక దాటని మాట. ఆసుపత్రిలో స్టూలు మీద కూచున్న నాలుగు రోజులు వెతికిన మాట కూడా అదేనేమో. ఇంకేదో పెద్ద మాట కావాలనుకున్నాడు అప్పుడు.

"సీతారావమ్మ," అన్నాడు.

పిల్లకి సరిగ్గా వినపడలేదు. "ఏంటండీ?"

"సీతారావమ్మ."

రెండోసారి తేలిగ్గా వచ్చింది. అందుకు ఆయనకి ఇంకా బాధేసింది.

పిల్ల నాలుక బయటపెట్టి, గుండ్రంగా, ఒత్తి ఒత్తి రాసింది. రాసి, ఒక క్షణం ఆలోచించి, చివర 'గారు' అని తగిలించింది. పుస్తకం ఆయన వైపు తిప్పి చూపించింది. ఆయన వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకున్నాడు. చివరి దాకా వచ్చి మళ్ళీ మొదట్నుంచి చదివాడు.

"ఈ పుస్తకం పాత కాయితాలకి వేస్తారా?" అని అడిగాడు. ఒకే పూటలో ఆయన అడగడం అది రెండోసారి.

"నాది వెయ్యను. మిగతావాళ్ళవి వేస్తారు. నాది పెట్టెలో పెట్టుకుంటా."

ఆయన తలూపాడు.

వరండా మెట్లు దిగి గేటు దాకా వచ్చాక వెనక పరుగు వినపడింది. సాయిశ్రీ. పుస్తకం గుండెకి అదుముకుని ఉంది.

"తాతగారూ, కోపమొచ్చిందా?"

"లేదు."

"నిజంగా?"

"ఎనిమిదో పాఠం, నాలుగో వాక్యం," అన్నాడు రత్తయ్య. పిల్ల మొహం విప్పారింది.

"కాదన్నవాళ్ళని ఇంకోసారి అడగొచ్చు. పాఠంలో లేదు కానీ, మా టీచరు చెప్పారు. మనసు మారొచ్చంట. వచ్చే ఏడు అడగండి. అప్పుడు ఐదులో ఉంటా. ఇస్తానని చెప్పట్లేదు. అడగండి."

"అడుగుతా."

"పైసంవత్సరం కూడా అడగొచ్చు."

ఆయన నవ్వాడు. పిల్ల తలమీద చెయ్యి పెడదామనుకుని, రిబ్బను నలుగుతుందేమోనని మానుకున్నాడు.

*

భవానీపురంలో బస్సు దిగేసరికి ఎండ చల్లబడింది. బస్సులో వస్తున్నంతసేపూ జేబు మీద చెయ్యి ఉంచుకునే వచ్చాడు. అలవాటు. ఖాళీ జేబని చెయ్యికి తెలుసు. అయినా తియ్యలేదు.

వీధి మొగలో శౌరమ్మ కూరల మీద నీళ్ళు చల్లుతోంది. రత్తయ్య పావు కిలో దొండకాయలు తీసుకున్నాడు. సంచిలో వేయించుకున్నాడు. డబ్బులిచ్చాడు. అయినా కదల్లేదు.

శౌరమ్మ చేతిలో మగ్గు ఆపి చూసింది. "ఏంటన్నయ్యా, చిల్లర తక్కువిచ్చానా?"

"నేను రత్తయ్యని," అన్నాడు.

"ఆ సంగతి నాకు తెలీదా ఏంటి? ఎండ దెబ్బ గాని తగల్లేదు గదా?"

"కాస్త కరివేపాకు కావాలి."

శౌరమ్మ ఒకసారి బండి మీదున్న కట్ట వైపు, ఒకసారి ఆయన వైపు చూసింది. పోయిన ఏడాది ఎన్ని రెబ్బలు ఆయన తిరిగి బండి మీద పెట్టాడో ఆవిడకి గుర్తుంది. ఎందుకు అని ఆవిడ అడగలేదు. కానీ పాఠంలో మూడో వాక్యం ఉంది. దాన్ని వదిలేస్తే అడిగినట్టు కాదు.

"సీతారావమ్మ చారులో వేసేది," అన్నాడు.

శౌరమ్మ కట్ట విప్పి, పండుటాకులు ఏరి పారేసి, లేతగా ఉన్న రెండు రెబ్బలు తీసి సంచిలో వెయ్యబోయింది. రత్తయ్య సంచి వెనక్కి లాక్కుని చెయ్యి చాపాడు. రెబ్బలు అందుకుని తడి దులిపాడు. ఒక్కో ఆకే తుంచి, వీధి మొగలో అట్లా నించునే, చొక్కా జేబులో వేసుకున్నాడు.